ఇస్రాయేలు దరువు

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఒకప్పుడు ఒక దరువు రాజ్యమేలింది. పెళ్ళి ఊరేగింపుల్లో అదే, పీర్ల పండుగలో అదే, క్రిస్మస్ పాటల్లో అదే, బస్టాండు పక్కన కాసెట్ల కొట్లలో పొద్దస్తమానం అదే. నిండుగా మోగుతూ వచ్చిన డప్పు ఒకచోట చటుక్కున ఆగుతుంది. కట్టె మీద కట్టెతో కొట్టినట్టు ఏడు దెబ్బలు వినిపిస్తాయి. ఏడో దెబ్బ వెనకాలే ‘టంగ్’ మని ఒక మోత. ఆ వెంటనే డప్పు రెట్టింపు జోరుతో అందుకుంటుంది. జనం ఆ టంగ్ కోసమే కాచుకుని ఉండి, అది రాగానే ఈలలు వేసేవారు.

ఆ మోత ఏమిటని పెద్దపెద్దవాళ్ళు వాదించుకోవడం నా చెవులతో విన్నాను. గుడిగంట అన్నారు. ఇత్తడి తాళం అన్నారు. హైదరాబాదులో మిషన్లో కలిపారని ఒక మేధావి తేల్చేశాడు. అది నా చాయ్ గిన్నె. కళాయి పోసిన ఇత్తడి గిన్నె, మా అమ్మ ఇచ్చింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, గర్వమే ఉంది. సిగ్గుపడాల్సిన మాట వేరే ఉంది, అది కూడా చెబుతాను.

మా ఆయన ఖుద్దూస్‌కు నల్లగొండ గడియారం దగ్గరి సందులో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం ఉండేది. ముందు గదిలో మరమ్మతులు, వెనక గదిలో మా స్టవ్వు, నా చాయ్. ఎనభై ఎనిమిది వానాకాలంలో ఆయన ఎక్కడినుంచో ఒక పాత మైకు పట్టుకొచ్చి, ఇక మనం కూడా కాసెట్లు తీస్తామన్నాడు. నేను కుట్టిన బొంతలన్నీ వెనక గది గోడలకు మేకులు కొట్టి వేలాడదీశాడు. సప్పుడు తిరిగి కొట్టకుండా ఉంటుందట. చలికాలంలో ఏం కప్పుకోవాలో మాత్రం చెప్పలేదు. కాసెట్ అట్టల మీద పేర్లు రాసే పని నాది. నేను ఏడో తరగతి దాకా తెలుగులో చదివాను, నా రాత గుండ్రంగా ఉంటుంది. ఆయన రాత కోడి గీకినట్టు ఉంటుంది.

ఆ మైకును పరీక్షించడానికి గట్టి సప్పుడు కావాలి. సరిగ్గా ఆరోజు ముసురు పట్టి ఒకాయన మా చూరు కింద నిలబడ్డాడు. భుజాన గొంగడి, గొంగడి లోపల డప్పు. మనిషి తడిసి ముద్దయ్యాడు గానీ డప్పు మీద చుక్క నీరు పడనివ్వలేదు. మునుగోడు దిక్కు ఊరతను, పేరు ఇస్రాయేలు. యాభై ఏళ్ళుంటాయి. ఎవరిదో చావుకు డప్పు కొట్టి వస్తున్నాడు.

“అన్నా, జర లోపల్కి రా. నీ దప్పు గీ మైకుకు పడ్తదో లేదో సూడాలె,” అన్నాడు మా ఆయన.

ఇస్రాయేలన్న గడప దగ్గర ఆగిపోయాడు. “లోపల్కా?”

“లోపల్కే. బయట వాన సప్పుడుంది.”

చూరు కింద నాలుగు పాత కాగితాలు అంటించి డప్పును ఆ మంటకు కాచుకున్నాడు. చర్మం మంటకు బిగిస్తేనే డప్పుకు గొంతు వస్తుంది. వేలితో తట్టి చూసుకుని లోపలికి వచ్చాడు. మా ఆయన వేలు చూపిస్తూ హుకుం జారీ చేశాడు: “నేను చెయ్యి ఎత్తేదాంక ఆపొద్దు. ఏమన్నా గానీ, ఆపొద్దు. నా తాన ఖాళీ కాసెట్ గిదొక్కటే ఉంది.”

ఇస్రాయేలన్న మొదలుపెట్టాడు. కుడిచేత లావుపాటి చిర్ర, ఎడమచేత సన్నటి పుల్ల. అతని నాయిన కొట్టిన దరువట. నేను చాయ్ పెట్టుకుంటూ ఆ పని మరిచిపోయి నిలబడ్డాను. మా గదిలోకి అంతకుముందు అట్లాంటి సప్పుడు రాలేదు. నాలుగు నిమిషాలు గడిచాయి. తడిగాలికి చర్మం మెత్తబడింది, డప్పు గొంతు బొంగురుపోయింది. ఆపితే కాసెట్ పాడు. ఆపకపోతే పరువు పోతుంది.

అతని కళ్ళు గదంతా వెతికి నా స్టవ్వు మీద ఆగాయి. ఎడమచేత్తో డప్పును భుజం నుంచి తీసి పట్టుకుని, కుడిచేతి చిర్రతో దాని వేపకట్టె చట్రం మీద లెక్క తప్పకుండా కొడుతూ స్టవ్వు దాకా నడిచాడు. అడుగుకొక దెబ్బ. ఏడు అడుగులు. పంటి కింద చిర్ర కరచుకుని, నా చాయ్ గిన్నె తీసి నేల మీది షాబాదు బండ మీద పెట్టాడు. టంగ్! డప్పు మంటకు చూపించాడు. చర్మం చిటుక్కున బిగిసింది. మళ్ళీ భుజానికెత్తుకుని ఇరగదీశాడు. నా చాయ్ సగం ఒలికిపోయింది. నేను నోరు తెరిచాను గానీ మా ఆయన చేతులు జోడించి దండం పెట్టాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన నాకు దండం పెట్టడం అదే మొదటిసారి. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత కథ అంతా సైదమ్మ చలవ. నాట్లు వేసే మనిషి, ఒక్కగానొక్క ట్రాన్సిస్టర్ బాగుచేయించుకోవడానికి వచ్చింది. లోపల ఆ కాసెట్ మోగుతోంది. నిలబడ్డచోటనే గొంతు ఎత్తింది. మా ఆయన అది చూసి రెండో మిషన్ ఆన్ చేశాడు. ఒక మిషన్లో దరువు మోగుతుంటే, రెండోది దరువునూ పాటనూ కలిపి పట్టుకుంది. కట్టె దెబ్బలు రాగానే సైదమ్మ ఊపిరి బిగబట్టింది. టంగ్ మనగానే వదిలింది:

*“పంట ఎవరిదని పట్నమడిగితే
పాట నాదని చెప్పరో!”*

ఆ కాసెట్ అమ్ముడుపోయినట్టు మా దుకాణంలో ఏ కాసెట్టూ అమ్ముడుపోలేదు. ఆ వెనక గాజులమ్మే గులాం నబీ వచ్చాడు, పీర్ల పండుగ పాటలు పాడాడు. ఆ ఏడు దెబ్బల మధ్య ఒక్కొక్క గల్లీ ఆడవాళ్ళను ఎగతాళి చేసేవాడు, టంగ్ మనగానే తప్పయిందని చెవులు పట్టుకునేవాడు. యోహాను చర్చి పాటలు పాడాడు. మర్రిగూడ దిక్కునుంచి నర్సింగమ్మ వచ్చింది. వాళ్ళ ఊరి బోరునీళ్ళు తాగి పిల్లల కాళ్ళు వంకర్లు పోయాయి. ఆమె ఆ ఏడు దెబ్బలకు ఏడుగురు పిల్లల పేర్లు చెప్పింది, అంతే. పాట కూడా కాదు. నేను స్టవ్వు వైపు తిరిగి ఏడ్చాను.

నాలుగేళ్ళలో పదకొండు మంది ఆ ఒక్క దరువు మీద పాడారు. ఒకరి పాటకూ ఇంకొకరి పాటకూ పోలికే లేదు. దరువు మాత్రం అదే. ఆ ఖాళీజాగాలో ఎవరేం పెడతారా అని పోటీ. ఆ పదకొండు అట్టలూ నేనే రాశాను. పైన పాడినవాళ్ళ పేరు, కింద ‘రికార్డింగ్: ఖుద్దూస్’.

ఒకరోజు ఇస్రాయేలన్న దుకాణానికి వచ్చాడు. ఒక అట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అతనికి చదువు రాదు.

“బీబమ్మా, గీ అట్ట మీద ఎవలెవల పేర్లున్నయి?”

చదివాను.

“నాది?”

లేదన్నాను.

“దప్పోడా ఇటు రా, దప్పోడా అటు నిలవడు అంటరు గని, పేరడిగెటోడు లేడు,” అన్నాడు. కోపంగా కాదు, వాన పడలేదని చెప్పినట్టు చెప్పాడు. “ఒక్కపారి మైకుల నా పేరు ఇనబడాలె బీబమ్మా. గంతే. ఇంకేం వద్దు.”

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఏ కాసెట్ మీదైనా పాడినవాళ్ళ పేరే ఉంటుంది, కొట్టినవాళ్ళ పేరు ఎక్కడుంటుంది అన్నాడు. నేను సరే అని ఊరుకున్నాను. మా ఆయన మీద దేనికైనా ఇంతెత్తున లేచే నేను, దానికి మాత్రం ఊరుకున్నాను. నేను సిగ్గుపడే మాట ఇదే.

తొంభై రెండు జనవరిలో పాలమూరులో రెండు జిల్లాల డప్పు పోటీ పెడుతున్నారని తెలిసింది. ఎవరి సొంత దరువు వాళ్ళు తేవాలి. గెలిచినా గెలవకపోయినా ప్రతి బృందం పెద్ద పేరు మైకులో చదువుతారు. ఆ చివరి ముక్క వినగానే ఇస్రాయేలన్న ఒప్పుకున్నాడు. పాటకు సైదమ్మ, నర్సింగమ్మ, గులాం నబీ. ఒక్కసారన్నా కలిసి పాడి చూసుకోండని నేనంటే అందరూ నవ్వారు.

“నాలుగేండ్ల సంది గా దరువు మీదనే పాడ్తున్నం. ఇంకేం సూసుకునుడు బేగం?” అన్నాడు గులాం నబీ.

పొద్దున్నే బస్సెక్కాం. నేను వత్తుల స్టవ్వు, చాయ్ గిన్నె సంచిలో పెట్టుకున్నాను. దారిలో హోటళ్ళున్నాయి కదా, ఆ బరువెందుకన్నాడు మా ఆయన. ఆ హోటళ్ళలో కొన్నిచోట్ల ఇస్రాయేలన్నకు వేరే గ్లాసు పెడతారు. అది నాకు పడదు. కల్వకుర్తి దగ్గర బస్సాగితే, రోడ్డు పక్కన చెట్టు కింద అందరికీ నేనే చాయ్ పోశాను. స్టవ్వు మోసినందుకు నా భుజం నొప్పి పుట్టింది గానీ, ఆ చాయ్ లాంటి చాయ్ మళ్ళీ తాగలేదు.

మైదానంలో మంచి ఎండ. స్తంభాలకు నాలుగు మైకులు కట్టారు. మాకంటే ముందు కోస్గి దిక్కు బృందాన్ని పిలిచారు. వాళ్ళ పెద్ద సోమన్న, పాతికేళ్ళ మనిషి, బుర్రమీసాలు. మొదటి దెబ్బకే గుర్తుపట్టాను. అది మన దరువే. ఏడు కట్టె దెబ్బలూ కొట్టారు. ఒకతను జేబులోంచి సైకిల్ గంట మూత తీసి టంగ్ మనిపించాడు. మైదానం దద్దరిల్లింది.

తర్వాత మావాళ్ళు. ఇస్రాయేలన్న డప్పు ఎండకు గణగణలాడుతోంది. కొట్టడం మొదలుపెట్టాడు. సైదమ్మ అందుకుంది. నాలుగు నిమిషాలకు ఆమె అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి కట్టె దెబ్బల కోసం ఆగింది. కట్టె దెబ్బలు రాలేదు. ఎందుకు వస్తాయి? చర్మం మెత్తబడలేదు కదా. అతను తన నాయిన దరువు నాయిన కొట్టినట్టే కొట్టుకుంటూ పోయాడు. ఆ ఆగడం దరువులోది కాదని స్టేజీ మీద అతనికి ఒక్కడికే తెలుసు. టంగ్ లేకుండా ఎలా పాడాలో మా పాటగాళ్ళకు తెలియదు. సైదమ్మ తడబడి ఆగిపోయింది. జనం నవ్వారు.

జడ్జీల్లో ఒకాయన కళ్ళజోడు సర్దుకుని మైకు అందుకున్నాడు. “ఈ దరువు ఇప్పుడే కోస్గి బృందం ప్రదర్శించింది. కాసెట్ విని కాపీ కొట్టి తేవడం నిబంధనలకు విరుద్ధం. పోనీ, అదైనా సరిగ్గా నేర్చుకుని రాలేదు మీరు. గంట ఏదీ? దయచేసి దిగండి.”

ఇస్రాయేలన్న డప్పు దించాడు. పేరు చదవనే లేదు. నా వైపు చూసి మెల్లగా అన్నాడు, “పోదాం పా బీబమ్మా.”

నా ఒళ్ళు మండిపోయింది. జడ్జీ మీద, జనం మీద, మా ఆయన మీద, అందరికంటే ఎక్కువ నా మీద. ఆడవాళ్ళ వరసలోంచి లేచి సంచి పట్టుకుని సీదా స్టేజీ ఎక్కాను. నా ముసుగు జారిపోతుంటే మా ఆయన కిందినుంచి సైగలు చేస్తున్నాడు. ఆయన సైగలు ఎవరు చూశారు!

“సార్, గంట గంట అంటున్నరు. గది గంట కాదు. నా చాయ్ గిన్నె.”

మైదానమంతా గొల్లున నవ్వింది. నవ్వితే నవ్వనీ అని గిన్నె తీసి పైకెత్తి చూపించాను. ఆరోజు బండకు తగిలి పడిన సొట్టతో సహా. “గీ మనిషే మా దుకాన్ల కొట్టిండు. ఆగొద్దని మా ఆయన మొండికేస్తే, తడిసిన దప్పును నా స్టవ్ మీద కాపుకున్నడు. మీరందరు ఈలలేసుడు గందుకే. అయిదు నిమిషాలియ్యుండ్రి, సూపిస్తడు. అబద్ధమైతే గీ గిన్నెతోనే నన్ను కొట్టుండ్రి.”

జడ్జీ పక్కవాళ్ళతో గుసగుసలాడాడు. సోమన్న ముందుకొచ్చి, ఇవ్వండి సార్, మేం కూడా చూస్తాం అన్నాడు. ఇచ్చారు.

స్టేజీ మీద స్టవ్వు వెలిగించి, గిన్నెలో రెండు గుక్కల నీళ్ళు పోసి పెట్టాను. స్టేజీ చెక్కది, గిన్నె మోగదని అప్పుడు తోచింది. గులాం నబీ కిందికి దూకి ఎక్కడినుంచో ఒక బండ ముక్క మోసుకొచ్చాడు. ఇస్రాయేలన్న స్టవ్వు దగ్గరినుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాడు. ఏడు. లోటాలో నీళ్ళు అరచేతిలోకి తీసుకుని డప్పు చర్మం మీద చిలకరించాడు. డప్పు కొట్టేవాళ్ళందరూ అయ్యో అన్నారు. ఎవరూ తమ డప్పుకు ఆ పని చేసుకోరు.

కొట్టాడు. మెల్లమెల్లగా గొంతు బొంగురుపోయింది. డప్పు భుజం దిగింది. చట్రం మీద ఒక దెబ్బ, ఒక అడుగు. రెండు. మూడు. మైదానం మొత్తం సద్దుమణిగింది. ఎందుకంటే ఆ దెబ్బలు అక్కడ అందరికీ నోటికొచ్చు, కాని అవి నడిచే మనిషి అడుగులని ఎవరికీ తెలియదు. ఏడు. పళ్ళ మధ్య చిర్ర. గిన్నె లేచింది. టంగ్!

సైదమ్మ గొంతు విప్పింది. ఆ గొంతు జడ్చర్ల దాకా వినబడిందంటే నేను నమ్ముతాను. మంట తగిలిన డప్పు బిగిసి మోగింది. జనం లేచి నిలబడ్డారు. ఈల వేసినవాళ్ళకంటే ఏడ్చినవాళ్ళే ఎక్కువ. నేను మాత్రం ఏడవలేదు, గిన్నెలో నీళ్ళు పోస్తున్నాను, ఇంకోసారి కావాలి కదా.

అతను మళ్ళీ ఏడడుగులు వెనక్కి జరిగి నీళ్ళు చిలకరించి కొట్టాడు. చర్మం మెత్తబడేసరికి నర్సింగమ్మ మైకు ముందుకొచ్చింది. పిల్లల పేర్లు చెబుతుందనుకున్నాను. ఆమె ఏడు దెబ్బలకూ ఒకే పేరు చెప్పింది. ఇస్రాయేలు. ఇస్రాయేలు. ఇస్రాయేలు. నాలుగు స్తంభాల మైకుల్లోంచి ఆ పేరు మైదానం మీద పడింది. నాలుగోది చెప్పేసరికి సోమన్న బృందం గొంతు కలిపింది. ఏడోది మైదానమంతా అంది. ఇస్రాయేలన్న చేతిలో గిన్నె ఒక్క క్షణం ఆగింది. నాలుగేళ్ళ కిందట మా గదిలో కూడా తప్పని లెక్క, అక్కడ తప్పింది. టంగ్ కాస్త ఆలస్యంగా వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి బహుమతి ఎవరికి వచ్చిందో చెబితే నవ్వుతారు. దేవరకద్ర దిక్కునుంచి వచ్చిన ముసలాళ్ళ బృందానికి. వాళ్ళు బాగానే కొట్టారు, కాదనను. మావాళ్ళను పోటీలోంచి తీసేసినట్టే రాసుకున్నారు, ఆ కాగితం మీద నాకేం కోపం లేదు. సోమన్న వచ్చి ఇస్రాయేలన్న కాళ్ళకు వంగాడు. ఇస్రాయేలన్న వెనక్కి జరిగిపోయాడు, ఎవరూ తనకు అలా వంగగా ఎరగడు.

“తప్పయింది పెద్దనాయినా. అట్ట మీద పేరు లేకపాయె. పేరు లేదు గద, ఎవలదో పాతకాలంది అనుకున్నం,” అన్నాడు సోమన్న.

ఆ అట్ట ఎవరు రాశారో నాకు తెలుసు.

మర్నాడు దుకాణం తెరిచీ తెరవగానే పాత అట్టలన్నీ తీసి మంటలో వేశాను. మా ఆయన ఏంది గిది అనబోయి, నా ముఖం చూసి సోల్డరింగ్ పనిలో తలదూర్చాడు. కొత్త అట్టలు ముందు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి ఇస్రాయేలన్న వచ్చాడు. ఈసారి గడప దగ్గర ఆగలేదు, వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

“ఏది నాది?” అన్నాడు.

చూపించాను. అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాలు: ‘ఇస్రాయేలు దరువు’. దాని కింద సైదమ్మ పేరు, ఆ కింద చిన్నగా మా ఆయన పేరు.

“సదువు.”

చదివాను.

“మల్ల సదువు.”

మళ్ళీ చదివాను. అతను చూపుడు వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడిమాడు. సిరా ఆరలేదు. చివరి అక్షరం దగ్గర అలుక్కుపోయింది. చేయి వెనక్కి తీసుకుని బెదిరిపోయి చూశాడు.

“ఫికర్ లేదన్నా. ఇటియ్యి, ఇంకోటి రాసిస్త,” అన్నాను.

అట్ట నాకు ఇవ్వలేదు. ఎండ తగిలేలా పట్టుకుని ఆ మరక మీద నోటితో ఊదాడు.

“వద్దు బీబమ్మా. గిట్లనే ఉండనీ. నేను ముట్టినట్టు తెల్వాలె.”